ప్లేఆఫ్స్ జరుగుతుండగా మెట్స్ పాత ఎల్పీ రికార్డు కొనవచ్చా, ఆగడం మంచిదా?

ప్రశ్న: ఎడిసన్ నివాసి, 2024 అక్టోబరు 10

అందరికీ నమస్కారం. క్రికెట్ తప్ప మరో ఆట తెలియకుండా న్యూజెర్సీకి వచ్చిన నాకు ఓపికగా బేస్‌బాల్ నేర్పినవారు మా పక్కింటి పెద్దాయన. ఆయనకు డెబ్బై దాటాయి. 1969లో న్యూయార్క్ మెట్స్ మొదటిసారి వరల్డ్ సిరీస్ (రెండు లీగుల విజేతల మధ్య జరిగే ఫైనల్) గెలిచినప్పుడు హైస్కూల్లో చదువుతున్నారట. 1962లో రంగంలోకి దిగిన ఆ జట్టు తొలి ఏడాదే 120 ఆటలు ఓడి నవ్వులపాలైన సంగతీ, ఏడేళ్ళు తిరిగేసరికి బాల్టిమోర్ ఓరియోల్స్‌ను 4-1 తేడాతో ఓడించిన సంగతీ ఆయన నోట కనీసం ఇరవైసార్లు విని ఉంటాను. నవంబరు రెండో వారంలో ఆయన ఇల్లు అమ్మేసి ఫ్లోరిడాకు వెళ్ళిపోతున్నారు.

నిన్న రాత్రి ప్లేఆఫ్స్‌లో, అంటే సీజను చివరి నాకౌట్ పోటీల్లో, ఫిలడెల్ఫియాతో జరిగిన నాలుగో ఆటను ఆయన బేస్‌మెంటులోనే కూర్చుని చూశాం. ఆరో ఇన్నింగ్స్‌లో 1-0తో వెనుకబడి ఉన్న మెట్స్‌ను లిండోర్ గ్రాండ్ స్లామ్ (ఒకే దెబ్బకు నాలుగు పరుగులు) కొట్టి గట్టెక్కించిన తరువాత, ఆ సంతోషంలో ఆయన ఒక పాత మాట ఎత్తారు. 1969 విజయం తరువాత ఆటగాళ్ళే బృందంగా పాడిన ఎల్పీని బుద్దా రికార్డ్స్ విడుదల చేసిందనీ, తన దగ్గర ఉన్నది ఇళ్ళు మారడంలో ఎక్కడో పోయిందనీ చెప్పారు. వెళ్ళేలోపు దానిని సంపాదించి ఆయన చేతిలో పెట్టాలని నా కోరిక.

ఆన్‌లైన్‌లో వెతికితే మూడు కనిపించాయి. మొదటిది 35 డాలర్లు; స్థితి ‘వీజీ ప్లస్’ అని రాశారు కానీ అట్ట ఫొటో తప్ప రికార్డు ఫొటో పెట్టలేదు. రెండోది విప్పని సీలు కాపీ అంటూ 90 డాలర్లు అడుగుతున్నారు. మూడోది 15 డాలర్లే, కానీ రికార్డు ‘వీజీ’ అనీ, అట్ట ‘గుడ్ ప్లస్’ అనీ, అట్ట మీద రాత ఉందనీ ముందే చెప్పారు. మొదటి కాపీయే వారం కిందట ఇందులో సగం ధరకు చూసినట్టు నాకు గుర్తు. మెట్స్ గెలుస్తున్న కొద్దీ ధర పెరుగుతోందా? ప్లేఆఫ్స్ అయ్యేదాకా ఆగితే తగ్గుతుందా? తగ్గాలంటే మా జట్టు ఓడిపోవాలి కదా, అలా కోరుకోవడానికి మనసు ఒప్పడం లేదు. చిన్నప్పుడు ఇంట్లో నాన్నగారి గ్రామఫోను ప్లేట్లు తుడవడమే తప్ప రికార్డులు కొనడంలో నాకు ఎలాంటి అనుభవమూ లేదు.

జవాబు: ప్లేట్ల పిచ్చి, డాలస్

నమస్కారమండీ. ముందుగా ఆ అక్షరాల సంగతి చూద్దాం, ఎందుకంటే కొత్తవారు మోసపోయేది అక్కడే. ఇక్కడ పాత రికార్డుల వ్యాపారంలో గోల్డ్‌మైన్ పత్రిక వాడుకలోకి తెచ్చిన కొలమానాన్నే ఎక్కువమంది పాటిస్తారు. మింట్, నియర్ మింట్, వీజీ ప్లస్, వీజీ, ఆ తరువాత గుడ్, ఫెయిర్, పూర్ అని దిగుతూ వస్తుంది. వీజీ అంటే ‘వెరీ గుడ్’ కదా అని మురిసిపోకండి. వీజీ అంటే పాట మొదట్లో, చివర్లో, నిశ్శబ్దంగా ఉండే చోట్ల చిటపటలు స్పష్టంగా వినిపిస్తాయని అర్థం. ‘గుడ్’ అంటే ముల్లు ఎగిరిపడకుండా చివరిదాకా ఆడుతుంది, అంతే; అంతకుమించి దాని గురించి చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. వీజీ ప్లస్ అయితే పైపైన సన్నని గీతలున్నా వినడానికి అడ్డురావు. అందుకే దాని ధర నియర్ మింట్ ధరలో సుమారు సగం ఉంటుందని లెక్క వేస్తారు. రికార్డుకూ అట్టకూ విడివిడిగా గ్రేడు ఇవ్వడం ఆనవాయితీ, మీరు చూసిన మూడో అమ్మకందారు చేసింది అదే.

ఇక అసలు విషయం. ఆ గ్రేడు కంటితో చూసి వేసినదా, ఆడించి విని వేసినదా అని తప్పక అడగండి. దీపం కింద నల్లగా నిగనిగలాడే రికార్డు కూడా, పాత బరువైన ముల్లు కింద గాడులు అరిగిపోయి ఉంటే గరగరలాడుతుంది. దానికి విరుద్ధంగా, చూడటానికి గీతలతో భయపెట్టేది కొన్నిసార్లు చక్కగా పాడుతుంది. మొదటి కాపీ విషయంలో, దీపం వెలుతురు ఏటవాలుగా పడేటట్టు పట్టుకుని రెండు వైపులా ఫొటోలు తీసి పంపమనండి. పంపడానికి నసిగితే ఆ కాపీని వదిలేయండి.

సీలు కాపీ జోలికి మాత్రం వెళ్ళకండి. ప్లాస్టిక్ తొడుగు వేసే యంత్రం ఎవరైనా కొనుక్కోవచ్చు, పాతదానికి కొత్త సీలు వేయడం పెద్ద పనేమీ కాదు. నిజంగానే విప్పనిదైనా, బిగుతైన ఆ తొడుగులో యాభై ఏళ్ళు ఉన్నందువల్ల రికార్డు వంగి ఉండవచ్చు, విప్పితే కాని ఆ సంగతి తెలియదు. పైగా మీ పెద్దాయన దానిని విని ఆనందించాలి, అద్దాల బీరువాలో పెట్టుకోవడానికి కాదు కదా మీరు ఇస్తున్నది.

ప్యాకింగ్ గురించి నా అనుభవం ఒకటి చెబుతాను. కలకత్తా డమ్‌డమ్ ఫ్యాక్టరీలో అచ్చయిన పాత తెలుగు సినిమా ఎల్పీ ఒకదానిని ఇక్కడే ఒక అమ్మకందారు దగ్గర ముచ్చటపడి కొన్నాను. ఆయన రికార్డును అట్టలోనే ఉంచి పంపారు. దారిలో పెట్టె ఎక్కడో నిలువుగా పడి ఉంటుంది. రికార్డు అంచు కత్తిలా అట్ట కింది భాగాన్ని జానెడు పొడవున చీల్చేసింది. అప్పటినుంచి ప్రతి అమ్మకందారుకూ ఒకే మాట రాస్తున్నాను: రికార్డును లోపలి కాగితపు కవరుతో సహా అట్టలోనుంచి బయటికి తీసి, అట్ట వెనుక పెట్టి, రెండింటికీ అటూ ఇటూ గట్టి కార్డుబోర్డు ముక్కలు వేసి కట్టండి అని.

జవాబు: చార్లెస్ నది ఒడ్డున, బోస్టన్

ధర సంగతి నేను చెబుతాను. మా రెడ్ సాక్స్ జట్టుకు కూడా ఇలాంటి రికార్డు ఒకటి ఉంది. 1966లో తొమ్మిదో స్థానంలో ఉన్న జట్టు 1967లో లీగ్ విజేత అయిన కథను, రేడియో వ్యాఖ్యానాల ముక్కలతో, కెన్ కోల్మన్ గొంతుతో ఫ్లీట్‌వుడ్ కంపెనీ ఎల్పీగా తెచ్చింది. ఈ ఊళ్ళో పాత సామాన్ల అమ్మకాలకు వెళ్తే అది ఇప్పటికీ ఎదురవుతూనే ఉంటుంది. ఈ కోవ రికార్డులను అభిమానులు జ్ఞాపకంగా ఎగబడి కొన్నారు కాబట్టి అవి అరుదైన వస్తువులు కావు. అరుదుగా దొరికేవి గీతలు లేని కాపీలే, ఎందుకంటే వాటిని ఆడించింది ఎక్కువగా పిల్లలు.

కాబట్టి అడుగుతున్న ధరను కాదు, అమ్ముడుపోయిన ధరను చూడండి. రికార్డులు కొని అమ్మే డిస్కాగ్స్ వెబ్‌సైటులో ప్రతి రికార్డు పేజీలోనూ గతంలో అమ్ముడైన వాటి కనిష్ఠ, మధ్యమ, గరిష్ఠ ధరలు కనిపిస్తాయి. ఈబేలో అమ్ముడైన వస్తువులను మాత్రమే చూపించే వడపోత ఉంది. జట్టు గెలిచిన మర్నాడు ఎవరైనా 90 డాలర్లు అడగవచ్చు, కానీ ఆ ధరకు కొన్నవారున్నారా అన్నదే ప్రశ్న.

పూర్వం ధరల్లో ఈ ఉబ్బు కొద్దిరోజులలోనే దిగిపోయేదేమో. 1968 దాకా ప్లేఆఫ్స్ అనేవే లేవు, సీజనంతా ఆడి లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచిన జట్టు నేరుగా వరల్డ్ సిరీస్‌కు వెళ్ళేది. మీ పెద్దాయన చెప్పే 1969లోనే లీగులను రెండేసి డివిజన్లుగా చీల్చి మధ్యలో ఒక మెట్టు పెట్టారు. ఆ మొదటి ఏడాదే మెట్స్ అట్లాంటా బ్రేవ్స్‌ను మూడు ఆటలలోనూ ఓడించి ఆ మెట్టు దాటారు. 2022 నుంచి పన్నెండు జట్లు, నాలుగు అంచెలు అయ్యాయి కాబట్టి అమ్మకందారుల ఆశ అక్టోబరు నెలంతా సాగుతుంది. ఈసారి మెట్స్ సంగతే చూడండి. మిల్వాకీలో చివరి ఆట తొమ్మిదో ఇన్నింగ్స్‌లో 2-0తో వెనుకబడి ఉండగా పీట్ అలొన్సో మూడు పరుగుల హోమ్ రన్ కొట్టకపోయి ఉంటే, అక్టోబరు 3వ తేదీనే మీ ధర దిగివచ్చి ఉండేది.

ఇప్పుడు లీగ్ ఫైనల్ 13న మొదలై, ఏడు ఆటలూ జరిగితే 21 దాకా నడుస్తుంది. మెట్స్ గెలిస్తే ఆ తరువాత వరల్డ్ సిరీస్ ఉంటుంది. మీడియా మెయిల్‌లో (పుస్తకాలు, రికార్డుల వంటివి చవకగా పంపే పోస్టు) వస్తువు చేరడానికి వారం పైన పట్టవచ్చు. అది పాడై వస్తే తిప్పి పంపడానికీ, మరొకటి తెప్పించుకోవడానికీ వ్యవధి ఉండాలి. నా మాట వింటే పది, పదిహేను డాలర్ల కోసం ఆగకండి. ఇంకొక జాగ్రత్త కూడా తీసుకోండి: ఆటగాళ్ళు పాడిన రికార్డు వేరు, ఆటల వ్యాఖ్యానం ఉన్న రికార్డులు వేరు. అట్ట బొమ్మ చూసి తొందరపడకుండా లేబులు మీది కంపెనీ పేరు, నంబరు సరిచూసుకున్నాకే డబ్బు కట్టండి.

జవాబు: చికాగో కోడలు

పెద్దలు అన్నీ చెప్పారు కానీ అసలు ప్రశ్న ఎవరూ అడగలేదు. ఆ పెద్దాయన దగ్గర రికార్డు ప్లేయరు ఉందా? ఉంటే దాని ముల్లు ఎప్పుడు మార్చారు? అరిగిన ముల్లు కింద పెడితే మీరు ఎంత మంచి కాపీ కొన్నా నాలుగు రోజులలో నాశనం అవుతుంది.

మా ఊళ్ళో బేస్‌బాల్‌కూ రికార్డులకూ ఉన్న పాత పేచీ గురించి మా మామగారు కథలుగా చెబుతారు. 1979 జూలై 12న కొమిస్కీ పార్కులో వైట్ సాక్స్, డెట్రాయిట్ టైగర్స్ మధ్య ఒకే రోజు రెండు ఆటలున్నాయి. డిస్కో రికార్డు ఒకటి తెచ్చినవారికి 98 సెంట్లకే టిక్కెట్టు ఇచ్చి, ఆ రికార్డులను పెట్టెలో పోసి రెండు ఆటల నడుమ మైదానంలో పేల్చేశారు. జనం వేలాదిగా లోపలికి దూకడంతో నేల పాడైపోయింది, రెండో ఆట జరగనే లేదు. ఆ ఆటను డెట్రాయిట్ గెలిచినట్టుగా ప్రకటించారు. అంతమంది మోసుకొచ్చిన వాటిలో మంచి కాపీలు ఎన్ని ఉండి ఉంటాయోనని తలచుకుంటే నాకు ఇప్పటికీ ప్రాణం ఉసూరుమంటుంది.

ఎడిసన్ నివాసి, అక్టోబరు 11

అందరికీ కృతజ్ఞతలు. చికాగో అమ్మా, మంచి ప్రశ్న వేశారు. ప్లేయరు ఉంది, బేస్‌మెంటులో టీవీ పక్కనే దుమ్ము పట్టి ఉంది. ముల్లు ఎప్పుడు మార్చారని మాటల్లో అడిగితే, రీగన్ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు మార్చినట్టు గుర్తని అన్నారు. మొదటి అమ్మకందారు ఫొటోలు పంపలేదు. తమ మాట మీద నమ్మకం లేకపోతే కొనవద్దని జవాబు ఇచ్చారు. మూడో అమ్మకందారు మాత్రం రెండు వైపులా ఆడించి విన్నాననీ, రెండో వైపు మొదటి పాటలో ఒకచోట ‘టిక్కు’ మంటూ పది చుట్లు వినిపిస్తుందనీ, ఎక్కడా ఎగిరిపడలేదనీ వివరంగా రాశారు.

జవాబు: ప్లేట్ల పిచ్చి, డాలస్

లోపాన్ని చుట్లు లెక్కపెట్టి చెప్పిన మనిషి దగ్గర కళ్ళు మూసుకుని కొనవచ్చు. వెంటనే కట్టేయండి. రాగానే ఆడించకుండా, డిస్టిల్డ్ వాటర్‌తో తడిపిన మెత్తని గుడ్డతో గాడుల వెంబడి గుండ్రంగా తుడవండి, అడ్డంగా కాదు, లేబులు తడవకూడదు. ఆ టిక్కుల్లో సగం మురికివే అయి ఉండవచ్చు. ప్లేయరుకు బిగించిన కార్ట్రిడ్జి (ముల్లు అమర్చే భాగం) మీద కంపెనీ పేరు, నంబరు ఉంటాయి, దానినిబట్టి ముల్లు మాత్రమే విడిగా దొరుకుతుందేమో చూడండి. మీ నాన్నగారి ప్లేట్లు 78లు (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత లక్క రికార్డులు) అయి ఉంటే వాటికి కూడా ఇదే పద్ధతి, కానీ వాటి మీద స్పిరిటు మాత్రం వేయకండి, లక్క కరిగిపోతుంది.

ఎడిసన్ నివాసి, అక్టోబరు 27

జరిగింది చెప్పడం నా ధర్మం. లీగ్ ఫైనల్ ఆరో ఆటలో 10-5తో ఓడి మెట్స్ ఇంటిముఖం పట్టిన మర్నాడు, అంటే 21వ తేదీ సోమవారం సాయంత్రం, రికార్డు చేరింది. డాలస్ వారు చెప్పిన పద్ధతిలోనే కట్టారు, అట్ట ఎక్కడా చిరగలేదు. తుడిచిన తరువాత రెండో వైపు టిక్కులు పదినుంచి మూడుకు తగ్గాయి. ముల్లు విడిగా దొరికింది, దాని ధర రికార్డు ధర కంటే ఎక్కువ అయిన మాట మాత్రం నిజం.

నిన్న ఇద్దరం కూర్చుని విన్నాం. పాడటం వచ్చిన మనిషి ఆ జట్టులో ఒక్కరు కూడా లేరని ఆయనే నవ్వుతూ ఒప్పుకున్నారు. అమ్మకందారు లోపంగా చెప్పిన ‘అట్ట మీద రాత’ ఏమిటంటే, వెనుక పక్క కింది మూలలో ఎవరో పిల్లవాడు నీలం బాల్‌పెన్నుతో వంకరటింకర అక్షరాలతో రాసుకున్న పేరు, దాని కింద ‘ముట్టుకోవద్దు’ అన్న హెచ్చరిక. పెద్దాయన కళ్ళద్దాలు పైకి నెట్టుకుని చాలాసేపు చూసింది ఆ మూలనే.

ఒక చిన్న సందేహం మిగిలింది. సామానంతా ఫ్లోరిడాకు ట్రక్కులో వెళ్తుంది, రికార్డును తన వెంట కారులో తీసుకువెళ్తానని ఆయన అంటున్నారు. రెండు రోజుల ప్రయాణం. మధ్యలో కారును ఎండలో ఆపవలసి వస్తుంది. నిలువుగా పెట్టి, వెనుక సీటు కింద నీడలో ఉంచితే సరిపోతుందా, లేక నన్నే పోస్టులో పంపమంటారా?

జవాబు: ప్లేట్ల పిచ్చి, డాలస్

కారు ఆపిన ప్రతిసారీ తనతోపాటు లోపలికి తీసుకువెళ్ళగలిగితే కారులోనే తీసుకువెళ్ళమనండి. అది కుదరదంటే మీరే పోస్టులో పంపండి. నవంబరు కదా అని కారును నమ్మవద్దు, అద్దాలు మూసిన కారులో ఎండ పడితే గంటలో రికార్డు వంగిపోతుంది.