జీజీ పెళ్లి గెలుపా, బేరమా?

రీలుపెట్టె: ఫ్రెంచ్ రచయిత్రి కొలెట్ 1944 నవలిక ఆధారంగా జాక్లీన్ ఓద్రీ 1949లో తీసిన ‘జీజీ’ సినిమా మళ్లీ చూశాను. పారిస్‌లో, ధనికుల ఉంపుడుగత్తెలుగా బతికిన ఆడవాళ్ల ఇంట్లో అమ్మమ్మ, ఆమె తోబుట్టువు అలీసియా జీజీ అనే పిల్లను అదే దారికి తయారుచేస్తారు. ఆ ఇంటికి వచ్చిపోయే ధనికుడు గాస్తోన్ పోషిస్తానంటే జీజీ కాదంటుంది. చివరికి అతడే పెళ్లికి అడుగుతాడు. ఇది జీజీ గెలుపు.

సుభద్ర: గెలుపు అనడానికి మనసెలా వచ్చిందండీ? నవలికలో ఆమెకు 15 ఏళ్లు, అతడికి 33. పైగా ఆ కాదన్న మాట మీద ఆమె నిలబడలేదు. మీరు లేకుండా బాధపడేకన్నా మీతో ఉండి బాధపడటమే మేలంటూ లొంగిపోయింది. పెళ్లి మాట ఆ తర్వాతే వచ్చింది.

రీలుపెట్టె: తెర మీద జీజీగా వేసిన దానియెల్ దెలోర్మ్ ఇరవై దాటిన యువతి.

సుభద్ర: నటి వయసుతో నాకేం పని? నేనడిగేది పాత్ర వయసు.

మ్యాటినీ: నాకైతే 1958 నాటి హాలీవుడ్ ‘జీజీ’యే ఇష్టం. పాటలున్నాయి, తొమ్మిది ఆస్కార్లూ వచ్చాయి.

రీలుపెట్టె: దాని గురించి కాదు ఈ చర్చ. గాస్తోన్ మారాడా లేదా, అది చెప్పండి.

సుభద్ర: నవలికలో అలీసియా తన పచ్చరాయి చూపిస్తుంది. ఎవరిచ్చారని జీజీ అడిగితే రాజు అంటుంది. పెద్ద రాజా అంటే కాదు, చిన్న రాజే, పెద్ద రాజులు పెద్ద రాళ్లు ఇవ్వరని చెబుతుంది. పిల్లకు పాఠం అది! పదిహేడేళ్లప్పుడు పెళ్లిచూపులకు ముందు మా పెద్దమ్మ కాఫీ పళ్లెం ఎలా పట్టుకోవాలో, తల ఎంతసేపు వంచుకోవాలో నాకు నేర్పింది. నీ మంచికే అంది. ఇరవయ్యేళ్లుగా ఆ మంచిని అనుభవిస్తున్నాను.

రీలుపెట్టె: మీ ఇంటి సంగతికీ పారిస్‌కూ ముడిపెట్టకండి.

సుభద్ర: పెడతాను. ఎంతసేపూ గాస్తోన్ మారాడనే అంటున్నారు. పిల్లను బేరానికి పెట్టిన ఆ ఇద్దరి గురించి ఒక్క ముక్కా రాయరేం?

ఏటిగట్టు: ఇద్దరూ కాస్త శాంతించండి.

రీలుపెట్టె: రాయను. మా అమ్మమ్మ కూడా అలాంటి పనే చేసింది. ఇంట్లో గింజ లేని రోజుల్లో మా అక్కకు రెండో పెళ్లివాడి సంబంధం తెచ్చింది. ఊరంతా ఆడిపోసుకుంది. పిల్ల పస్తులుండకూడదనే ఆమె తాపత్రయమంతా. అలీసియాకూ అంతే, తెలిసిన విద్య అదొక్కటే. హాయిగా కూర్చుని ఆమెను తిట్టడం నావల్ల కాదు.

సుభద్ర: ఆకలి నాకూ తెలుసు. మీ అమ్మమ్మగారి కష్టం చెప్పారు, గాస్తోన్ మనసు చెప్పారు. మీ అక్కగారు ఏమన్నారో మాత్రం చెప్పలేదు.