పక్షి సంరక్షణలో పైకి రావాలంటే పీహెచ్‌డీ తప్పదా?

కొండపిట్ట: మా అమ్మాయి జంతుశాస్త్రంలో బీఎస్సీ ముగించింది. పక్షుల సంరక్షణే తన వృత్తి అంటోంది. పెద్ద చదువు లేనిదే ఆ రంగంలో నలుగురిని నడిపించే స్థాయి రాదని నా నమ్మకం. మీరేమంటారు?

తుమ్మచెట్టు: నేను ఒప్పుకోనండి. మా కడప జిల్లాలోని కలివికోడి అనే అరుదైన పిట్టనే తీసుకోండి. 1900 తర్వాత ఎవరి కంటా పడలేదు, అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్‌కు అది దొరికిందంటే, రాత్రివేళ టార్చిలైటుతో ముళ్లపొదల్లో తిరిగి పట్టి తెచ్చిన స్థానిక వేటగాడు ఐతన్న చలవే. ఆయన ఏ కాలేజీలో చదివారు?

నీటికాకి: ఐతన్న గారి చూపుకు దండం పెడతాను. కానీ పిట్ట దొరకడం వేరు, దాని నేల దక్కడం వేరు. తెలుగుగంగ కాలువ ఆ పొదల మీదికి వచ్చినప్పుడు ‘ఇక్కడ పిట్ట ఉంది’ అంటే ఎవరు వింటారు? అది రాత్రి తప్ప తిరగదు. అందుకే పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి, తెల్లవారాక దాని పాదముద్రల కోసం వెతికారు. మూడే వేళ్లు, వెనక వేలు ఉండదు. అలాంటి ఆధారాలు చేతిలో ఉండబట్టే కాలువ దారి మార్చమని గట్టిగా అడగగలిగారు. చివరికి మార్చారు కూడా.

తుమ్మచెట్టు: మట్టిలో అడుగులు చదవడం వేటగాళ్ల విద్యే కదండీ! పరిశోధకులు దానికి లెక్క చేర్చారు, కాదనను. కానీ అస్సాంలో పూర్ణిమాదేవి బర్మన్‌ను చూడండి. హర్గిలా అనే భారీ కొంగను ఊళ్లవాళ్లు అపశకునమని అసహ్యించుకుని, గూళ్లున్న చెట్లనే నరికేసేవారు. ఆమె పీహెచ్‌డీని పక్కనపెట్టి ఆ ఊళ్ల ఆడవాళ్లను కూడగట్టారు. గూళ్లు కట్టే కాలంలో కొంగలకు సీమంతం చేయించారు! మన ఇళ్లలో సీమంతమంటే ఏమిటో తెలిసినవారికి ఆ పని విలువ చెప్పాలా? పట్టా 2019లో వచ్చింది. అప్పటికే ఆమె వెనుక ఎంతోమంది ఉన్నారు.

నీటికాకి: పట్టా అయితే తీసుకున్నారుగా!

కొండపిట్ట: ఇద్దరికీ కృతజ్ఞతలు. సంక్రాంతి సెలవుల్లో అమ్మాయిని శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం తీసుకెళ్తాను. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు అక్కడ ఊరి చెట్ల మీదే పిల్లల్ని పెంచుతాయి. ముందు ఆ ఊరివాళ్లతో నాలుగు రోజులు గడపనిస్తాను. ఎమ్మెస్సీ దరఖాస్తు మాత్రం ఆపను.