"ధైర్యంగా ఉంటే జబ్బు తగ్గుతుంది" అని రోగితో అనవచ్చా?

నాగావళి (చర్చ ప్రారంభం):
మా మేనత్తకు రొమ్ము క్యాన్సర్. అది ఎముకలకు కూడా పాకిందని ఇటీవలి స్కానింగులో తేలింది. ఆమె నిత్యం విష్ణు సహస్రనామం చదువుకునే మనిషి. చూడవచ్చిన ప్రతి బంధువూ "నీ ధైర్యమే నీకు మందు, దేవుడి మీద భారం వేసి నిబ్బరంగా ఉండు, అదే తగ్గిపోతుంది" అని చెప్పి వెళ్తున్నారు. రిపోర్టు వచ్చిన రాత్రి ఆమె నాతో, "నా భక్తిలోనే ఏదో లోటు ఉందేమోనే అమ్మాయ్" అన్నది. ఆ మాట నాకు మింగుడుపడడం లేదు. విశ్వాసం, మనోధైర్యం ఇంతటి జబ్బులో నిజంగా ఏం చేయగలవు? బంధువులు అంటున్న మాట రోగితో అనవచ్చా?

పినాకిని:
అనవచ్చని, అనాలని నా అభిప్రాయం. నా భార్యకు కీమోథెరపీ జరుగుతున్నప్పుడు నోరంతా పూసి, మజ్జిగ కూడా గొంతు దిగక, "ఇక చాలు, నన్ను ఇంటికి తీసుకుపొండి" అని పట్టుబట్టింది. ఆమెను మళ్ళీ ఆస్పత్రి మెట్లు ఎక్కించింది డాక్టరు మాటా కాదు, నా మాటా కాదు. ఫిబ్రవరి ఉత్సవాలకు గుణదల కొండ ఎక్కి వస్తానని మేరీమాతకు మొక్కుకున్న మొక్కు. పెదవి కదపలేని రోజుల్లో నేను జపమాల ప్రార్థన చదువుతుంటే, ఆమె కళ్ళు మూసుకుని ఒక్కొక్క పూసనూ వేళ్ళతో జరుపుతూ వినేది. నేను ఒక పూస తప్పితే నా చేతి మీద తట్టేది. ఆమె చికిత్స పూర్తి చేసుకున్నది. ఇంత చూసిన తరువాత ధైర్యం మందు కాదని నేను ఎలా అనగలను?

ఉదయిని:
పినాకిని గారి మాటల్లో ఒక్కదాన్నీ నేను కాదనను. అయితే అక్కడ కణితి మీద పనిచేసింది మందు. ఆ మందును భరించే ఓపికను ఇచ్చింది మొక్కు. ఈ రెండు పనులనూ ఒకటిగా కలిపేసినందువల్లనే నాగావళి గారి మేనత్త తన భక్తిని తానే శంకించుకునే స్థితికి వచ్చారు.

మనోస్థితి వల్ల ఆయుష్షు పెరుగుతుందా అన్న ప్రశ్నను వైద్యులు తేలికగా తీసుకోలేదు. శరీరంలో ఇతర భాగాలకు పాకిన రొమ్ము క్యాన్సర్ ఉన్న 86 మంది స్త్రీలపై జరిపిన పరిశోధనను అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన మనోవైద్యుడు డేవిడ్ స్పీగెల్ బృందం 1989లో ప్రచురించింది. తోటి రోగులతో కూర్చుని మనసు విప్పి మాట్లాడుకునే సమావేశాలకు వెళ్ళినవారు సగటున 36.6 నెలలు, వెళ్ళనివారు 18.9 నెలలు జీవించారని అందులో ఉన్నది. కానీ కెనడాలో 235 మందితో అదే పద్ధతిని పరీక్షించి 2001లో ప్రచురించినప్పుడు ఆయుష్షులో తేడా కనిపించలేదు. స్పీగెల్ స్వయంగా 2007లో ప్రచురించిన రెండో పరిశోధనలోనూ మొత్తం మీద ఆయుష్షు పెరిగినట్లు తేలలేదు. అయితే కెనడా స్త్రీలలో నొప్పి, మనోవేదన తగ్గాయి. మొదట్లో బాగా కుంగిపోయి ఉన్నవారికి మరింత మేలు జరిగింది. "అంతేనా?" అనేవారి మీద నాకు కోపం వస్తుంది. నొప్పితో రాత్రంతా కూర్చునే మనిషికి ఒక రాత్రి నిద్ర పట్టడం చిన్న సంగతి కాదు, అది మేలు అనిపించుకోవడానికి ఆయుష్షు కూడా పెరిగి తీరాలన్న నిబంధన ఏమీ లేదు.

నాగావళి గారు ఇంకొక విషయం గమనించాలి. మనస్తత్వ శాస్త్రవేత్త కెన్నెత్ పార్గమెంట్ బృందం అమెరికాలో ఆస్పత్రిలో చేరిన సుమారు 600 మంది పెద్ద వయసు రోగులను రెండేళ్ళపాటు గమనించి 2001లో ప్రచురించిన పరిశోధనలో, "దేవుడు నన్ను వదిలేశాడా, నా మీద ఆయనకు ప్రేమ లేదా" అని మథనపడేవారిలో మరణాలు ఎక్కువగా కనిపించాయి. ఆ మథనమే మరణానికి కారణమని దీనితో రుజువు కాదు. కానీ విశ్వాసం ఒళ్ళో పెట్టుకుని ఓదార్చగలిగినట్లే, తప్పంతా నీదేనని లోలోపల కోయనూగలదు. "భక్తి ఉంటే తగ్గుతుంది" అని బంధువులు చెప్పిన నాడే, తగ్గకపోతే భక్తి లేనట్లేనన్న తీర్పు కూడా చెప్పేశారు. మంచాన ఉన్న మనిషి మీద అంత బరువు మోపే హక్కు ఎవరికీ లేదు.

మంజీర:
నేను ఉపశమన చికిత్స విభాగంలో నర్సును. ఎముకలకు పాకిందన్నారు కాబట్టి ముందుగా అడుగుతున్నాను: ఆమెకు నొప్పి ఎలా ఉంది? 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టొఫర్స్ హాస్పిస్ (చివరి దశ రోగులను చూసుకునే ఆస్పత్రి) స్థాపించిన సిసిలీ సాండర్స్ గాఢమైన క్రైస్తవ విశ్వాసి. రోగి బాధలో శరీరం, మనసు, కుటుంబం, ఆత్మ నాలుగూ కలిసే ఉంటాయని చెప్పిన ఆమే, నొప్పి తిరగబెట్టేదాకా ఆగకుండా వేళ ప్రకారం మార్ఫిన్ ఇవ్వాలని పట్టుబట్టారు. తుంటి ఎముక సలుపుతుంటే ఎంతటి భక్తురాలికైనా నామం మీద మనసు నిలవదు. మార్ఫిన్ అనగానే "ఇక చివరికి వచ్చినట్టే" అని కుటుంబాలు బెదిరిపోతాయి; అది నిజం కాదు. డాక్టరు చెప్పిన మోతాదులో వాడితే మనిషి లేచి కూర్చుని నలుగురితో మాట్లాడగలుగుతుంది. మలబద్ధకం వస్తుంది, దానికి మందు వెంటనే మొదలుపెట్టాలి. ఎముక నొప్పికి రేడియేషన్ కూడా చాలామందికి ఉపశమనం ఇస్తుంది, తప్పక అడగండి.

"ఔషధం జాహ్నవీ తోయం, వైద్యో నారాయణో హరిః" అన్న శ్లోకం వార్డులో తరచు వింటాను. శిథిలమైపోయిన శరీరానికి గంగాజలమే మందు, హరియే వైద్యుడు అన్న ఆ మాటలో జబ్బు తగ్గుతుందన్న హామీ నాకు ఎన్నడూ వినిపించలేదు. తోడు వినిపిస్తుంది.

పినాకిని:
మంజీర గారి మాటతో చాలావరకు ఏకీభవిస్తాను. కానీ "తగ్గుతుంది" అన్న మాటను పూర్తిగా తీసేస్తే రోగికి మిగిలేది ఏమిటి? ఆశ లేకుండా నా భార్య ఆ మెట్లు ఎక్కేది కాదు.

ఉదయిని:
మీ భార్య పెట్టుకున్న ఆశ ఆమెది, ఎవరూ ఆమె చేత పెట్టించలేదు. మేనత్త గారు తానుగా "తగ్గుతుంది" అంటే ఆ మాటను ఎవరూ ఖండించనక్కరలేదు. ఇంకొకరు ఆమె మీద దాన్ని రుద్దకూడదన్నదే నా వాదన.

నాగావళి గారూ, మంజీర గారు చెప్పినట్లు నొప్పి సంగతి ముందు చూడండి. "నీ భక్తికీ స్కానింగుకూ సంబంధం లేదత్తా" అని మీ నోటితో ఆమెకు స్పష్టంగా చెప్పండి. డాక్టరు చేత కూడా చెప్పించండి, వారి నోట వింటే ఆమె మనసు మరింత కుదుటపడవచ్చు. ఇక చూడవచ్చే బంధువుల చేతికి సహస్రనామం పుస్తకం ఇచ్చి, సలహాలు ఇవ్వడానికి బదులు ఆమె పక్కన కూర్చుని పైకి చదివిపెట్టమనండి.