‘ది టర్న్ ఆఫ్ ది కీ’: వినాలా, చదవాలా?

కిటికీపక్కసీటు
రూత్ వేర్ నవల ‘ది టర్న్ ఆఫ్ ది కీ’ (2019) ఆడియోబుక్ నిన్న రాత్రి పూర్తిచేశాను. చదివినవారు ఇమోజెన్ చర్చ్. నిడివి సుమారు 12 గంటలు. మెట్రోలో ఆఫీసుకు వెళ్లివచ్చే సమయంలో మొదలుపెట్టాను. చివరి మూడు గంటలూ మాత్రం ఇంట్లో, అన్ని గదుల్లోనూ లైట్లు వేసుకుని విన్నాను. కరెంటు బిల్లు సంగతి తర్వాత.

తెలియనివారికి రెండు మాటల్లో కథ. రోవన్ అనే అమ్మాయి స్కాట్లండ్ కొండల్లో ఒక సంపన్నుల ఇంట్లో నలుగురు ఆడపిల్లల్ని చూసుకునే ఆయాగా చేరుతుంది. విక్టోరియా కాలం నాటి ఇల్లు, లోపల ఏర్పాట్లన్నీ సరికొత్తవి. లైట్లు, కిటికీ తెరలు, తాళాలు, కెమెరాలు అన్నీ ‘హ్యాపీ’ అనే ఆప్ చెప్పుచేతల్లో ఉంటాయి. ఉద్యోగం చూసుకోవడానికి వచ్చిన రోజే పిల్లల్లో ఒకతె ఆమెను పట్టుకుని, ఇక్కడికి రావద్దు, దయ్యాలకు నచ్చదు అని చెబుతుంది. ఇదంతా పుస్తకంలో తర్వాత వస్తుంది. పుస్తకం తెరిచేసరికి రోవన్ జైల్లో ఉంది. ఒక బిడ్డ చనిపోయింది. తాను చంపలేదంటూ ఒక న్యాయవాదికి ఉత్తరం రాస్తోంది.

ఇది హెన్రీ జేమ్స్ పాత దయ్యాల కథ ‘ది టర్న్ ఆఫ్ ది స్క్రూ’ (1898)కు కొత్త రూపమని పేరులోనే తెలుస్తుంది. నా ప్రశ్నలు రెండు. పుస్తకంగా చదివినవారికీ ఇంతే భయం వేసిందా? పాతది చదవకుండా దీన్ని వింటే ఏమైనా నష్టమా? ముగింపు గురించి రాసేవారు దయచేసి ముందు హెచ్చరించండి.

నిద్రలేనిరాత్రి
నా అనుభవం చెబుతాను, నవ్వకండి. మాది అపార్ట్‌మెంటులో నాలుగో అంతస్తు. రాత్రి పదకొండు దాటింది. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పడుకున్నాను. కథలో రోవన్‌కు తన గది కప్పు మీద ఎవరో అటూ ఇటూ నడుస్తున్న చప్పుడు వినిపిస్తోంది. సరిగ్గా అప్పుడు మా పైనుంచి దబ్, దబ్, కాసేపాగి మళ్లీ దబ్. ఇయర్‌ఫోన్లు తీశాను. చప్పుడు ఆగలేదు. పై ఫ్లాటు ఆరు నెలలుగా ఖాళీ అని అప్పుడే గుర్తొచ్చింది.

మా వారిని లేపితే ‘పిల్లి అయి ఉంటుంది’ అని అటు తిరిగి పడుకున్నారు. తెల్లవారాక వాచ్‌మన్‌ను అడిగాను. కొత్తగా అద్దెకు వచ్చినవారు రాత్రిపూట సామాను చేర్చుకున్నారట. ఆ కుటుంబాన్ని ఇప్పటికీ సరిగా పలకరించలేకపోతున్నాను, తప్పంతా వారిదే అన్నట్లు.

ఉత్తరాలడబ్బా
నేను ముందు చదివాను, ఏడాది తర్వాత విన్నాను. రెండూ రెండు వేరే పుస్తకాలనిపించింది.

అచ్చు పుస్తకంలో మొదటి పేజీల్లో రోవన్ ఉత్తరం మొదలుపెట్టి ఆపేయడం, మళ్లీ తేదీ వేసి మొదలుపెట్టడం కనిపిస్తుంది. కంటితో చూస్తే ‘ఈమె మాటలు ఏరుకుంటోంది, జాగ్రత్తగా ఉండాలి’ అనిపించింది నాకు. అదే భాగం చెవిన పడితే జాలి వేసింది. గొంతు వణుకుతుంటే మనం అనుమానించం. పక్కన కూర్చుని కష్టం చెప్పుకుంటున్న మనిషిని మధ్యలో ఆపి ‘అమ్మా, ఇందాక ఇంకోలా చెప్పావే’ అని అడగలేం కదా.

చదివేటప్పుడు వేలు పెట్టి వెనక్కి తిప్పి సరిచూసుకోవచ్చు. నేను అలాగే ఒక అబద్ధాన్ని ముందే పట్టుకున్నాను (ఏదో చెప్పను). వినేటప్పుడు ఆ వాక్యం చెవి పక్కనుంచే వెళ్లిపోయింది, విషయం తెలిసి కూడా! రచయిత్రి దాచింది కొంత, గొంతు దాచింది కొంత. అందుకే ఇలాంటి కథ మొదటిసారి వినడమే మేలని నా అభిప్రాయం. మోసపోవడంలోనే ఉంది మజా.

చెవిలోజోరీగ
నేను ఒప్పుకోను. చదివే ఆవిడ ప్రతిభ కాదనను గానీ నటన మోతాదు మించింది. ఉత్తరం రాస్తున్న ఖైదీ అన్ని పాత్రల గొంతుల్నీ అనుకరిస్తుందా? చిన్నపిల్ల గొంతు వచ్చినప్పుడల్లా నాకు నాటకం చూస్తున్నట్లుంది. పైగా స్కాటిష్ యాస. ఇంటి పనులు చూసే జీన్ మాట్లాడినప్పుడల్లా పదిహేను సెకన్లు వెనక్కి, మళ్లీ పదిహేను సెకన్లు వెనక్కి.

అలవాటు లేనివారికి నా సలహా: మొదటి గంట మామూలు వేగంలోనే వినండి. యాస చెవికెక్కాక 1.25కు పెంచండి. అంతకు మించితే భయం పోతుంది, క్రికెట్ వ్యాఖ్యానం మిగులుతుంది. పడుకునే ముందు వినేవారు స్లీప్ టైమర్ పెట్టుకోకపోతే మర్నాడు కథ ఎక్కడుందో మీరెక్కడున్నారో తెలియదు.

పాతసంచిక
వారపత్రిక సీరియల్లో కాష్మోరా అన్న మాట చదివి, మంచం కింద ఒకసారి చూసుకుని పడుకున్న తరం మాది. కాబట్టి పాతదాని గురించి నేను కొంత చెబుతాను.

జేమ్స్ కథ కూడా సీరియలే. 1898 జనవరి నుంచి ఏప్రిల్ దాకా అమెరికాలో ‘కోలియర్స్ వీక్లీ’లో 12 భాగాలుగా వచ్చింది. దాని బీజం 1895 జనవరిలో పడింది. కాంటర్‌బరీ ఆర్చిబిషప్ ఎడ్వర్డ్ వైట్ బెన్సన్ ఇంట్లో కబుర్ల మధ్య ఒక ముచ్చట విన్నాడు జేమ్స్: చెడ్డ నౌకర్లు చనిపోయి, తాము పెంచిన పిల్లల్ని పట్టుకోవడానికి దయ్యాలై తిరిగి వచ్చారని. ఇంటికి వచ్చి నోటుబుక్కులో రాసిపెట్టుకున్నాడు. గమనించండి, అది చదివిన కథ కాదు, చెవిన పడిన కథ.

ఇంకో సంగతి. 1897 నాటికి జేమ్స్ మణికట్టు నొప్పితో కలం పట్టలేక, విలియం మెక్ఆల్పైన్ అనే స్కాట్లండ్ వాడిని పెట్టుకుని, గదిలో పచార్లు చేస్తూ చెబుతుంటే అతను టైపు చేసేవాడు. ఈ కథ అలా నోటితో చెప్పి రాయించిందే. వినేవాడిని వణికిద్దామని చెబుతుంటే అతను చలించకుండా తర్వాతి మాట కోసం చూసేవాడని జేమ్స్ వాపోయినట్లు చెబుతారు. పాపం, మొదటి శ్రోతే అలాంటివాడు దొరికాడు.

కథ లోపలా అంతే. క్రిస్మస్ రోజుల్లో చలిమంట చుట్టూ కూర్చున్నవారికి డగ్లస్ అనే ఆయన, ఎప్పుడో చనిపోయిన ఒక గవర్నెస్ (ఇంట్లోనే ఉండి పిల్లల్ని చూసుకుంటూ చదువు చెప్పే ఆవిడ) రాసిన కాగితాలు తెప్పించి చదివి వినిపిస్తాడు. చెవి కోసం కట్టిన కథ ఇది. కాబట్టి చదవాలా వినాలా అని అడిగితే నా జవాబు మీకు తెలిసే ఉంటుంది. ఉత్తరాలడబ్బా గారు చెప్పిన ‘గొంతు దాచిపెట్టడం’ డగ్లస్‌కూ తెలుసు. ఆ గవర్నెస్ ఎంత మంచిదో ముందే చెప్పి, ఆ తర్వాతే కాగితాలు విప్పాడు.

అబర్డీన్ నుంచి
పదేళ్లుగా ఇక్కడ స్కాట్లండ్‌లోనే ఉంటున్నాను కాబట్టి రెండు మాటలు. ఆ ఒంటరితనం అతిశయోక్తి కాదు. హైలాండ్స్‌లో కొన్నిచోట్ల పక్కిల్లు అంటే కారులో పావుగంట. డిసెంబరులో మధ్యాహ్నం మూడున్నరకే పొద్దుగూకుతుంది. ఫోను సిగ్నల్ కొండ మలుపులో పోతే మళ్లీ ఎప్పుడు వస్తుందో దాని ఇష్టం.

నవలలో ఆ ఇంటి ఆవరణలో తాళం వేసిన విషపు మొక్కల తోట ఒకటి ఉంటుంది. ఒకప్పటి యజమాని విషాల మీద పనిచేసిన శాస్త్రవేత్త. ఇది రచయిత్రి ఊహ మాత్రమే అనుకునేవారు ఇంగ్లండ్ ఉత్తరాన ఆనిక్ కోట పక్కనున్న తోటకు వెళ్లి చూడండి. 2005 నుంచి అక్కడ నిజంగానే విషపు తోట ఉంది. నల్లటి ఇనుప గేటు, దాని మీద పుర్రె బొమ్మ, ‘ఈ మొక్కలు చంపగలవు’ అని రాత. గైడు వెంట తప్ప లోపలికి పంపరు. ముట్టుకోవద్దు, వాసన చూడవద్దు అంటారు.

మా అమ్మ ఇండియా నుంచి వచ్చినప్పుడు తీసుకెళ్లాను. గైడు ప్రపంచంలోకెల్లా ప్రమాదకరమైన మొక్కల్లో ఒకటంటూ గంభీరంగా చూపించాడు. అమ్మ ముందుకు వంగి చూసి, ‘ఇది ఆముదం చెట్టు కదరా’ అంది! గింజలో రిసిన్ ఉంటుందని, అది చాలా కొద్దిగా చాలునని గైడు వివరించాడు. అమ్మ వినయంగా తలూపింది. బయటికి వచ్చాక మాత్రం ‘నీ చిన్నప్పుడు నీ మాడుకు పెట్టింది ఆ నూనే’ అని ఒక చురక వేసింది. ఆ మధ్యాహ్నం తర్వాత నవల విన్నాను. ఆ తోట ఘట్టం వచ్చినప్పుడు భయపడాల్సింది పోయి నవ్వొచ్చింది. ఆ తర్వాత మా ఊళ్లో పచ్చగన్నేరు పప్పు మింగినవాళ్ల సంగతులు గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది.

వంటింటిశ్రోత
అందరూ మెచ్చుకుంటున్నారు కాబట్టి నేను గొడవ పెట్టుకుంటాను. (జేమ్స్ కథ ముగింపు కింద ఉంది. 1898 నాటి కథకు హెచ్చరిక ఎందుకనకండి, అడిగారు కాబట్టి పెడుతున్నాను.)

జేమ్స్ కథలో దయ్యాలు ఉన్నాయా, అవి గవర్నెస్ తలలో పుట్టాయా అన్నది ఎప్పటికీ తేలదు. చనిపోయిన నౌకరు పీటర్ క్వింట్, ఆమెకు ముందు పనిచేసి పోయిన గవర్నెస్ మిస్ జెసెల్ ఆమెకు తప్ప ఇంకెవరికైనా కనిపించారని గట్టిగా చెప్పలేం. 1934లో ఎడ్మండ్ విల్సన్ అనే విమర్శకుడు, అవి ఆమె అణచుకున్న కోరికల భ్రమలని రాసినప్పటి నుంచి ఆ తగవు నడుస్తూనే ఉంది. రూత్ వేర్ ఏం చేసింది? అడుగుల చప్పుడుకు ఒక కారణం, అర్ధరాత్రి హోరెత్తిన పాటలకు ఒక కారణం, పోయిన తాళంచెవికి ఒక కారణం. లెక్కల పుస్తకం చివరి పేజీల్లో జవాబులు ఇచ్చినట్లు అన్నీ ఇచ్చేసింది. దయ్యం బదులు ఆప్ పెడితే కథ కొత్తదవుతుందా? నాకైతే చివరి గంట విన్నాక గిన్నెలు తోముకోవడానికి భయమే వేయలేదు. జేమ్స్ చదివాక వారం రోజులు సాయంత్రం కిటికీ వైపు చూడలేదు.

ఉత్తరాలడబ్బా
వంటింటిశ్రోత గారూ, అన్నీ తేల్చలేదండీ. చిట్టచివరి పేజీలు మళ్లీ వినండి. ఆమె ఉత్తరం చేరవలసినవారికి చేరిందా? ఆ తర్వాత ఆమెకు ఏమైంది? దానికి జవాబు ఎక్కడా లేదు. జేమ్స్ దయ్యాల దగ్గర తలుపు తెరిచి ఉంచాడు, ఈవిడ న్యాయం దగ్గర తెరిచి ఉంచింది.

ఇంకొకటి. జేమ్స్ కథ బిడ్డ చావుతో ముగుస్తుంది, ఇది బిడ్డ చావుతో మొదలవుతుంది. నలుగురిలో ఎవరన్నది చెప్పదు. అందువల్ల వింటున్నంతసేపూ ఏ పిల్ల నవ్వినా, అలిగినా ‘ఈమేనేమో’ అనిపిస్తూ ఉంటుంది. నాకు అసలు భయం అదే, ఆప్ కాదు.

చెవిలోజోరీగ
ఆప్ విషయంలో నేను రచయిత్రి వైపే. మా బావగారి ఇంట్లో లైట్లు ఫోనుతోనే వెలుగుతాయి. ఇంటర్నెట్ పోయిన రోజు స్నానాలగదిలో చీకట్లో నిలబడి సబ్బు వెతుక్కున్నాను. ఆ ఇంటికి క్వింట్ అక్కర్లేదు.

నిద్రలేనిరాత్రి
పాతది ఎక్కడ దొరుకుతుందో ఎవరైనా చెబుతారా? కొనకుండా.

పాతసంచిక
అమ్మా, జేమ్స్ పోయింది 1916లో. హక్కుల గడువు ఎప్పుడో తీరిపోయింది. గూటెన్‌బర్గ్ సైటులో పాఠం, లిబ్రివాక్స్‌లో ఆడియో రెండూ ఉచితం. లిబ్రివాక్స్‌లో చదివేది స్వచ్ఛంద కార్యకర్తలు. ఒకటికి మించి పఠనాలున్నాయి, ఐదేసి నిమిషాలు విని గొంతు నచ్చినది ఎంచుకోండి. వాక్యాలు మాత్రం చాంతాడంత ఉంటాయి, ఓపిక కావాలి. కొత్త నవల కోసం అమెరికాలో ఉన్నవారు తమ కౌంటీ లైబ్రరీ కార్డుతో లిబ్బీ ఆప్‌లో వెతకండి. వరుసలో నిలబడవలసి రావచ్చు.

కిటికీపక్కసీటు
పది రోజుల తర్వాత మళ్లీ వచ్చాను. (జేమ్స్ ముగింపు ఉంది.)

పాతసంచిక గారి మాట పట్టుకుని గూటెన్‌బర్గ్ పాఠం తెరిచాను. చదువుతుంటే మా అమ్మ ‘ఏమిటది, అంత మొహం పెట్టావు’ అంది. సరేనని రోజూ భోజనాలయ్యాక రెండు మూడు అధ్యాయాలు తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. గవర్నెస్‌ను ‘పంతులమ్మ’ చేశాను, అమ్మ కాదనలేదు. క్వింట్ పేరు నోరు తిరగక ‘ఆ ఎర్రజుట్టువాడు’ అయిపోయాడు.

నిన్న చివరి అధ్యాయం. అమ్మ మర్నాటి కూరకు చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. కిటికీ అవతల ఎర్రజుట్టువాడు కనిపించడం, పంతులమ్మ పిల్లవాడిని దగ్గరికి లాక్కుని గట్టిగా పట్టుకోవడం, వాడు ‘ఎక్కడ?’ అని వెర్రిగా వెతకడం, చివరికి ఆమె చేతుల్లోనే వాడి గుండె ఆగిపోవడం చెప్పాను. నేను కాస్త నాటకీయంగానే చెప్పానని ఒప్పుకోవాలి.

అమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అడిగింది, ‘ఇంతకీ వాణ్ణి పిల్లవాడు చూశాడా?’

‘లేదమ్మా, ఆవిడే చూసింది.’

‘పట్టుకుంది?’

‘ఆవిడే.’

‘ఊఁ’ అని ఇంకో చిక్కుడుకాయ తీసుకుంది. ‘మరి ఇదంతా రాసిపెట్టింది కూడా ఆవిడేనా?’

పాతసంచిక
మీ అమ్మగారికి నా నమస్కారం చెప్పండి.

వంటింటిశ్రోత
రూత్ వేర్ నవల కూడా అమ్మగారికి చెప్పండి, ఆవిడ తీర్పు వినాలని ఉంది. రోవన్ ఉత్తరం మొదటి పేజీ దగ్గరే పట్టేసుకుంటారని నా పందెం.