పాలపళ్ళకు పుచ్చు: క్యాపు వేయించాలా, మందు పూయించాలా, పీకించాలా?

ప్రశ్న – బెంగళూరు మారతహళ్ళి నుంచి ఒక తల్లి

అందరికీ నమస్కారం. మా పాపకు నాలుగున్నర ఏళ్ళు. కింది దవడలో ఎడమవైపు చివరి రెండు పాలపళ్ళు పుచ్చాయి. పైన ముందు పళ్ళు రెండింటికి చిగురు అంచున గోధుమరంగు గాట్లు పడ్డాయి. చివరి పంటి నడుమ పెసరగింజ పట్టేంత గుంట ఉంది. అందులో మెతుకు ఇరుక్కుంటే పాప ముద్దను నాలుకతో కుడివైపుకు తోసుకుని అటే నములుతోంది. తీపి తిన్నప్పుడు జివ్వుమంటోందని చెబుతుంది గాని, నొప్పితో రాత్రి నిద్ర లేచిన సందర్భం ఇంతవరకు లేదు.

ఇంటికి దగ్గరలోని ఒక క్లినిక్‌లో ఎక్స్‌రే తీయకుండానే నాలుగు పళ్ళకూ రూట్ కెనాల్ చేసి జిర్కోనియా క్యాపులు వేయాలన్నారు. మరొక చోట వెండి మందు పూస్తే చాలని, పన్ను మాత్రం నల్లబడుతుందని చెప్పారు. ఎలాగూ ఊడిపోయే పళ్ళకు పసిదాన్ని ఇంత బాధ పెట్టడం ఎందుకని అనంతపురం నుంచి మా అత్తగారు రోజూ ఫోనులో అడుగుతున్నారు. ఈ మూడింటిలో దేన్ని అనుసరించాలో అనుభవం ఉన్నవారు, వైద్యులు దయచేసి చెప్పగలరా?

జవాబు – పిల్లల దంతవైద్యురాలు, జయనగర్

అమ్మా, ముందుగా మీ అత్తగారి మాటను తీసుకుంటాను, ఎందుకంటే చాలా ఇళ్ళలో వైద్యం ఆలస్యం కావడానికి ఆ మాటే కారణం. ముందు పళ్ళ విషయంలో ఆమె అన్నది చాలావరకు నిజమే, అవి ఆరేడేళ్ళకు ఊడిపోతాయి. దవడ పాలపళ్ళు అలా కాదు, అవి పది పన్నెండేళ్ళ వరకు ఉండాలి. అంటే ఆ గుంటపడ్డ పంటితో మీ పాప ఇంకా ఆరేడేళ్ళు నమలాలి. పైగా దాని వెనకాలే ఆరో ఏట మొదటి శాశ్వత దవడపన్ను వస్తుంది. ముందున్న పాలపన్ను లేకపోతే అది ముందుకు జరిగి, తర్వాత రావలసిన పంటి చోటును ఆక్రమించుకుంటుంది. పీకించక తప్పని పరిస్థితి వచ్చినా, ఆ ఖాళీ మూసుకుపోకుండా స్పేస్ మెయింటెయినర్ అనే తీగను అమర్చాల్సి రావచ్చు.

ఎక్స్‌రే లేకుండా నాలుగు పళ్ళకూ రూట్ కెనాల్ అనడం నాకు సమ్మతం కాదు. పాలపంటి గట్టి పైపొర (ఎనామెల్) పలుచగా, లోపల నరం ఉండే గది పెద్దగా ఉంటాయి కాబట్టి పుచ్చు తొందరగా లోపలికి పాకుతుంది. ఎంత దూరం పాకిందో పైనుంచి చూసి తేల్చడం సాధ్యం కాదు. నొప్పి తీరు కూడా కొంత చెబుతుంది. తీపికో చల్లటిదానికో జివ్వుమని వెంటనే తగ్గిపోతే నరం కోలుకునే స్థితిలో ఉందని ఆశించవచ్చు. ఏమీ తినకపోయినా నొప్పి వచ్చి రాత్రి నిద్ర లేపుతున్నా, చిగురు మీద చీముపొక్కు కనిపించినా నరం దెబ్బతిన్నట్టే.

నరం బాగుండి, గుంట చిన్నదై ఒక్క పక్కనే ఉంటే గ్లాస్ అయానమర్ అనే పంటి సిమెంటుతోనో, కాంపోజిట్ అనే పంటిరంగు పదార్థంతోనో నింపితే సరిపోతుంది. రెండు మూడు పక్కలకు పాకిన దవడపంటికి సిమెంటు ఎక్కువకాలం నిలవదు, దానికి స్టీలు క్యాపే మేలు. స్కాట్లండ్‌కు చెందిన నోర్నా హాల్ అనే దంతవైద్యురాలి పేరుతో హాల్ పద్ధతి అని ఒకటి ఉంది. అందులో మత్తు ఇంజెక్షన్ ఇవ్వరు, పుచ్చును తొలచరు. అవసరమైతే కొన్ని రోజుల ముందు పళ్ళ మధ్య చిన్న రబ్బరు రింగులు పెట్టి సందు చేసి, ఆపైన క్యాపును సిమెంటుతో పంటి మీదికి నొక్కేస్తారు. లోపల మిగిలిన పుచ్చుకు ఆహారం అందదు కాబట్టి అది అక్కడే ఆగిపోతుంది. మొదట్లో పై కింది పళ్ళు సరిగ్గా కలవనట్టు అనిపించినా, కొద్ది వారాల్లో అదే సర్దుకుంటుంది. భయపడే పిల్లలకు ఇది నిజంగా గొప్ప ఉపకారం.

నరం పైభాగం మాత్రమే దెబ్బతింటే పల్పాటమీ చేస్తాం, అంటే ఆ భాగాన్ని తీసి, మందు పెట్టి, పైన క్యాపు వేస్తాం. వేళ్ళలోకి కూడా పాకితే పల్పెక్టమీ అవసరమవుతుంది. అందులో పాలపంటి వేళ్ళతోపాటు కరిగిపోయే పేస్టును నింపుతాం. చాలామంది రెండింటినీ రూట్ కెనాల్ అనే పిలుస్తారు, కాబట్టి ఏది చేస్తున్నారో విడిగా అడగండి.

వెండి మందు అంటే 38 శాతం సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని అత్యావశ్యక ఔషధాల జాబితాలో చేర్చింది. అది పుచ్చును ఆపుతుంది గాని గుంటను పూడ్చదు. పుచ్చిన భాగం శాశ్వతంగా నల్లబడుతుంది. చీము పట్టిన పంటికి అది పనికిరాదు.

మీరు చెప్పినదాన్ని బట్టి, ఎక్స్‌రేలో నరం బాగుందని తేలితే నేనైతే వెనక రెండింటికి స్టీలు క్యాపులు, ముందు రెండింటికి వెండి మందు సూచిస్తాను. జిర్కోనియా తెల్లగా ఉంటుంది గాని, దానికోసం పంటిని ఎక్కువగా అరగదీయాలి. నోరు బాగా తెరిస్తే తప్ప కనిపించని చోట ఆ అవసరం నాకు కనిపించదు.

జవాబు – ఇద్దరు పిల్లల తండ్రి, కె.ఆర్. పురం

డాక్టరు గారి మాటలకు మా అనుభవం జోడిస్తున్నాను. మా చిన్నవాడికి పల్పాటమీ, స్టీలు క్యాపు ప్రభుత్వ దంతవైద్య కళాశాలలో చేయించాము. కోట దగ్గర విక్టోరియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న ఆ కళాశాలలో పిల్లలకు ప్రత్యేక విభాగం ఉంది. మీ వైపు నుంచి పర్పుల్ లైన్ మెట్రోలో మెజెస్టిక్ వచ్చి, గ్రీన్ లైన్ మారి కె.ఆర్. మార్కెట్‌లో దిగితే దగ్గరే. వేచి ఉండక తప్పదు గాని, ఎక్స్‌రే తెరపై పెట్టి పుచ్చు ఎక్కడిదాకా వచ్చిందో వేలితో చూపించి వివరించారు.

ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాలి. మత్తు ఇంజెక్షన్ ఇచ్చాక పెదవి మొద్దుబారి ఉంటుంది. పిల్లలకు అది వింతగా తోచి కొరుక్కుంటారు, తర్వాత వాచి పుండు పడుతుంది. మత్తు వదిలేదాకా తినడానికేమీ పెట్టకుండా పక్కనే కూర్చోండి.

ప్రశ్న అడిగిన తల్లి

ఇద్దరికీ కృతజ్ఞతలండీ. ముందు ఎక్స్‌రే తీయిస్తాము. ముందు పళ్ళు నల్లగా ఉంటే బడిలో పిల్లలు ఏమైనా అంటారేమోనని మా వారు బాధపడుతున్నారు. దానికి మార్గం ఉందా? ఇకముందు పుచ్చు రాకుండా ఏం చేయాలో కూడా చెప్పగలరా?

జవాబు – పిల్లల దంతవైద్యురాలు, జయనగర్

ఉందమ్మా. పుచ్చు ఆగిన తర్వాత, పాప కుదురుగా కూర్చోగలిగితే నల్లని భాగం మీద తెల్లని సిమెంటు వేయవచ్చు. పన్ను ఎక్కువగా అరిగితే కాంపోజిట్‌తో చేసే స్ట్రిప్ క్రౌన్ అనే తెల్ల క్యాపు వేస్తాం.

రాత్రి పడుకునే ముందు మీరే తోమండి, ఈ వయసు పిల్లల చేతికి ఆ నేర్పు రాదు. పేస్టులో ఫ్లోరైడ్ వెయ్యి పీపీఎం (అంటే పది లక్షల భాగాల్లో వెయ్యి భాగాలు) ఉండాలి. మూడేళ్ళు దాటిన వారికి బఠాణీ గింజంత, అంతకంటే చిన్నవారికి బియ్యపుగింజంత చాలు. తోమిన తర్వాత పాలు గాని బిస్కెట్టు గాని ఇవ్వకండి, దాహమైతే నీళ్ళే. ఇప్పటికీ పాలసీసాతో నిద్రపోయే అలవాటుంటే ఈ వారమే మాన్పించండి, ఎందుకంటే పై ముందు పళ్ళకు చిగురు అంచున పడే గాట్లు ఎక్కువగా ఆ అలవాటు వల్లనే వస్తాయి. పాప బరువు తూచి ఆ అంకె వైద్యులకు చెప్పండి, ఇంజెక్షన్ అవసరమైతే మత్తుమందు మోతాదును బరువును బట్టే లెక్కకడతారు.