అమ్మాయిలు హీరోలుగా ఉండే ఓడదొంగల నవలలు: పన్నెండేళ్ల పాపకి ఏవి ఇవ్వొచ్చు?

నల్లకుంట నాన్న:
వేసవి సెలవుల్లో మా పాపకి నండూరి రామమోహనరావు గారి ‘కాంచనద్వీపం’ (‘ట్రెజర్ ఐలాండ్’ ఓడదొంగల నవలకి తెలుగు) రోజూ రాత్రి కొంచెం కొంచెం చదివి వినిపించాను. కుర్రాడు ఆపిల్ పీపాలో నక్కి దొంగల మాటలు వినే చోట ఊపిరి బిగబట్టి వింది. తీరా అంతా అయ్యాక ఒకటే ప్రశ్న: “వాళ్లమ్మ తప్ప ఇందులో ఆడవాళ్లే లేరేంటి నాన్నా?” ఆ అమ్మ కూడా మొదట్లో కనిపించి ఇంటి దగ్గరే ఉండిపోతుంది. ఇన్నేళ్లుగా నాకు తట్టనే లేదు, కాస్త సిగ్గేసింది. అలాంటివి తెలిస్తే చెప్పండి, ఇంగ్లిషైనా పర్లేదు, తనే చదువుకుంటుంది.

ఆదివారం అబిడ్స్:
‘ద ట్రూ కన్ఫెషన్స్ ఆఫ్ షార్లెట్ డాయిల్’ ఇవ్వండి, కళ్లు మూసుకుని. 1990లో వచ్చింది. రచయిత పేరు ‘అవి’, అంతే, షాపులో “అవి ఉన్నాయా” అంటే “ఏవి” అన్నాడు నన్ను. 1832లో పదమూడేళ్ల అమ్మాయి లివర్‌పూల్ నుంచి అమెరికాకి ఓడెక్కుతుంది, మిగతా వాళ్లంతా మగవాళ్లే. ఓడదొంగల కథ కాదు, కెప్టెన్ మీద తిరుగుబాటు కథ. నాకు నచ్చిందేంటంటే ఆ పిల్ల మొదట్లో మంచి పని చేయదు, కెప్టెన్ పెద్దమనిషి అని నమ్మి కళాసీల గుట్టు అతనికి చెప్పేస్తుంది, దాని వల్ల ఏం జరిగిందో కళ్లారా చూశాక గౌను పక్కన పెట్టి ప్యాంటూ చొక్కా వేసుకుని నేనూ మీతో పని చేస్తానంటుంది. సరే, అయితే తెరచాప కొయ్య చిట్టచివరిదాకా ఎక్కి చూపించు అంటారు. ఆ ఎక్కడం చదువుతుంటే నా అరచేతులకి చెమటలు పట్టాయి, అదీ నలభై ఏళ్ల వయసులో. కొరడా దెబ్బలు, చావులు ఉన్నాయి, పన్నెండేళ్లకి ఫర్వాలేదు. అబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొంటే చివరి పేజీలు ఉన్నాయో లేదో చూసుకోండి, నా అనుభవం.

కూకట్‌పల్లి పిన్ని:
సీలియా రీస్ రాసిన ‘పైరేట్స్!’ అయితే అచ్చంగా ఓడదొంగలే. బ్రిస్టల్ వర్తకుడి కూతురు నాన్సీ, జమైకా తోటలో బానిసగా ఉన్న మినర్వా, ఇద్దరూ దొంగల్లో కలిసిపోతారు. కానీ తొందరపడొద్దు. మా అక్క కూతురికి పదకొండేళ్లప్పుడు కొనిచ్చాను, మూడో రోజు వచ్చి “మనిషిని కొనడమేంటి పిన్నీ, బిల్లు ఇస్తారా?” అంది. జవాబు చెప్పడానికి నాకు గంట పట్టింది. పద్నాలుగు దాటాక ఇవ్వండి, లేదా పక్కన కూర్చుని చదవండి.

పాత చందమామ:
ఈ దొంగల కథలు పిల్లలకెందుకండీ అసలు.

ఆదివారం అబిడ్స్:
పేదరాశి పెద్దమ్మ కథల్లో దొంగలు లేరా సార్.

బందరు మనవడు:
“ఇది నిజమేనా” అని అడుగుతుంది, రెడీగా ఉండండి. ఆన్ బానీ, మేరీ రీడ్ అని ఇద్దరు ఆడ ఓడదొంగలు నిజంగా ఉన్నారు, 1720లో జమైకా దగ్గర పట్టుబడ్డారు. మగవాళ్ల కోట్లూ ప్యాంట్లూ వేసుకుని తలకి రుమాళ్లు కట్టుకున్నారని, వాళ్ల చేతిలో దోపిడీకి గురైన ఒకావిడే కోర్టులో సాక్ష్యం చెప్పింది. ఇద్దరూ గర్భవతులమని చెప్పడంతో ఉరి ఆగింది, మేరీ మరుసటి ఏడు జైల్లో చనిపోయింది. చైనా సముద్రంలో జెంగ్ యీ సావో అనే ఓడదొంగల నాయకురాలు అయితే వందల ఓడల్ని నడిపి, 1810లో ప్రభుత్వంతో బేరమాడి లొంగిపోయి, హాయిగా ముసలితనం దాకా బతికింది. మా పిల్లలకి ఆవిడే ఫేవరెట్.
ఇంకో మాట. 1695లో మక్కా యాత్రికులతో సూరత్‌కి తిరిగొస్తున్న ఔరంగజేబు ఓడ గంజ్-ఇ-సవాయీని హెన్రీ ఎవరీ అనే ఇంగ్లిష్ ఓడదొంగ ముఠా దోచుకుంది. ఆ ఓడలో ఆడవాళ్లు ఏం పడ్డారో తెలిశాక నాకు ఓడదొంగ అంటే భుజమ్మీద చిలక గుర్తుకు రావడం మానేసింది. గోల్కొండ సరుకు ఓడెక్కిందే మా బందరులో, అక్కడి పిల్లని పెట్టి ఎవరైనా ఒక నవల రాస్తే బాగుండు.

నల్లకుంట నాన్న:
అందరికీ థ్యాంక్స్. షార్లెట్ తెప్పించాను. మూడు రోజుల్లో సగం దాటింది, అన్నం దగ్గర కూడా పుస్తకమే. నిన్న సాయంత్రం ఆరేసిన బట్టలు తెద్దామని మేడ మీదికి వెళ్తే, వాటర్ ట్యాంకు ఇనుప నిచ్చెన మీద సగంలో ఉంది, వాళ్లమ్మ చున్నీ నడుముకి కట్టుకుని. దిగమంటే “కిందికి చూడకూడదంట నాన్నా, నువ్వు మాట్లాడకు” అంది. ఇప్పుడు మేడకి తాళం వేశాం, తాళంచెవి మా ఆవిడ దగ్గర, నాతో మాటల్లేవు.