కామిక్స్ జమీందారులకు తాతల నాటి కోట: కోట అనాలా, దివాణం అనాలా?

గరివిడి సభ్యుడు (ప్రశ్న): పిల్లల కామిక్స్ ఒకటి తయారవుతోంది. విజయనగరం వైపు ఊహించుకున్న ఒక జమీందారీ కుటుంబం, వాళ్లకు 1730లో కట్టిన తాతల నాటి కట్టడం. స్క్రిప్టులో ‘పూర్వీకుల కోట’ అని ఉంది. చదువుతుంటే తర్జుమా వాసన కొడుతోంది. కోట, దివాణం, గడీ, మేడ: వీటిలో ఏది నప్పుతుంది? ఇంటిపేరు, గుమ్మం మీద శాసనం కూడా కావాలి.

బొబ్బిలి సభ్యురాలు: ముందు బొమ్మ చూడాలండీ, మాట తర్వాత. చుట్టూ ప్రహరీ, మూలమూలకీ బురుజు, బయట అగడ్త (కందకం) ఉంటేనే అది కోట. నాలుగు మూలలా బురుజులు, తూర్పున నగారాలు మోగించే నగారాఖానా గుమ్మం ఉన్న విజయనగరం కోటని చూసి గీస్తే రాతిగోడ సరిపోతుంది. చిన్న జమీ అయితే రాతిగోడ ఎక్కువే. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులకి ఎదురు నిలిచిన బొబ్బిలి కోటకి మట్టిగోడలే. ఇప్పుడు బొబ్బిలిలో కనిపించే కట్టడాలు తర్వాతివి. వాటిని చూసి 1730 కోట గీస్తే మొదటి పేజీలోనే దొరికిపోతారు.

గడీ వద్దు. ఆ మాట పడగానే పాఠకుడి మనసు తెలంగాణకు పోతుంది. మేడ అంటే అంతస్తు. కోటలో మేడ ఉండొచ్చు గానీ మేడలో కోట పట్టదు. తెలుగువాడు గాలిలో కట్టేది కూడా మేడే, కోట కాదు.

నరసన్నపేట మాస్టారు: దివాణం అంటే గోడలు కాదు, అధికారం. పారసీ ‘దీవాన్’ నుంచి వచ్చింది. శిస్తు కట్టేదీ, తగవు తీర్చుకునేదీ, కబురొస్తే చేతులు కట్టుకుని వెళ్లేదీ దివాణానికి. అంచేత రెండూ వాడండి, ఎవరి నోట ఏది పలుకుతుందో తేల్చుకోండి. రైతు ‘దివాణం నుంచి మనిషొచ్చాడు’ అంటాడు. శత్రువు ‘కోట ముట్టడించండి’ అంటాడు. ఇంట్లో పిల్లలకైతే అది ఉత్త ‘ఇల్లు’. మూడు నోళ్లలో మూడు మాటలు పడితే కట్టడం దానంతటదే నిలబడుతుంది.

ఇంకొకటి. ‘పూర్వీకులు’ అందరూ రాసేదే అయినా నిఘంటు రూపం ‘పూర్వికులు’. కామిక్స్‌లో రెండూ వద్దు, ‘తాతల నాటి’ అంటే చాలు.

అక్షరాలు రాసే సభ్యుడు, విజయనగరం: మాస్టారి మాటకి, మాటలు రాసే బెలూన్ వైపు నుంచి ఒక బలం. ‘పూర్వీకుల’, ‘దుర్గం’, ‘హర్మ్యం’, ‘ప్రాసాదం’ అన్నిటికీ కింద వత్తు వేలాడుతుంది. రెండో వరుస గుడి, ఏత్వం దాన్ని గుద్దుకోకుండా వరుసల మధ్య ఎడం పెంచాలి, బెలూన్ ఉబ్బుతుంది, బొమ్మలో మొహం కప్పబడిపోతుంది. కోట, దివాణం, మేడ మూడింటికీ వత్తు లేదు.

గరివిడి సభ్యుడు: ఇంటిపేరుకి ‘కొంగపాడు’ అనుకున్నాం. కుటుంబ చిహ్నం శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురానికి వలసొచ్చే గూడబాతు (పెలికన్). ‘కొంగపాడు కోట’ సరేనా?

నరసన్నపేట మాస్టారు: గూడబాతుకీ కొంగకీ చుట్టరికం మీరే కలిపారు, కామిక్స్ కాబట్టి ఒప్పుకుందాం. వ్యాకరణం మాత్రం ఒప్పుకోదు. ఊరి పేరు ఇంటిపేరుగా మారేటప్పుడు ఔపవిభక్తిక రూపం, అంటే విభక్తి చేరే ముందు మాట చివర మారే రూపం, తీసుకుంటుంది. పాడు పాటి అవుతుంది, పూసపాడు నుంచి వచ్చిన విజయనగరం రాజులు పూసపాటి వారు అయినట్టు. ఊరు ఊరి, ఏరు ఏటి అవుతాయి. వరం వరపు అవుతుంది. వలస, పేట, కొండ మారవు. కాబట్టి ‘కొంగపాటి వారి కోట’. పాడుతో ముగిసే ఊరు ఇటు తక్కువ, వలసలూ పేటలే ఎక్కువ కదా అని ఎవరైనా అడిగితే, ఇంటిపేరు పాత ఊరిని మోసుకొచ్చిందని చెప్పొచ్చు. పూసపాటి వారిదీ దక్షిణం నుంచి వచ్చిన పేరే.

బొబ్బిలి సభ్యురాలు: ‘కోట’ ముందుందా వెనకుందా అన్నదీ చూసుకోండి. శృంగవరపుకోటలో శృంగవరం విశేషణం, కోట అసలు మాట. కోటబొమ్మాళిలో కోట విశేషణం, బొమ్మాళి అసలు ఊరు. కట్టడానికి పేరు కావాలంటే కోట చివర, ఊరికి కావాలంటే ముందు.

టిన్‌టిన్ బొమ్మల కథల్లో వాటి సృష్టికర్త హెర్జే ఒక కిటుకు చేశాడు. బెల్జియంలోని సార్-మూలాన్ అనే ఊరి పేరు తిరగేసి ‘మూలాన్సార్’ అని భవనానికి పెట్టాడు. బొమ్మకి ఫ్రాన్సులోని షెవెర్నీ భవనం తీసుకుని రెండు పక్కల కొసలూ కోసేశాడు. కోసే పద్ధతి మనకీ పనికొస్తుంది. తిరగేస్తే మాత్రం కొత్తవలస ‘వలసకొత్త’ అయి నోట్లో తిరగదు, తెలుగు సమాసంలో ప్రధానం చివరే ఉండాలిగా.

అక్షరాలు రాసే సభ్యుడు: లోపలి భాగాల పేర్లు కూడా తేల్చేయండి, నాలుగో పేజీలో వంటవాడు పారిపోవాలి.

బొబ్బిలి సభ్యురాలు: పెద్ద ద్వారం గవని. గోడలో చిన్న తలుపు దిడ్డి, వంటవాడు అందులోంచి వెళ్తాడు. గోడమీది పళ్లు కొమ్మలు. లోపలికి అడుగుపెట్టగానే మొగసాల, ఆడవాళ్ల భాగం రాణివాసం, కింద నేలమాళిగ. ‘కందకం’ పారసీ నుంచి, ‘బురుజు’ అరబ్బీ నుంచి వచ్చినవే, అయినా 1730కి పరాయివి కావు. బురుజంటే గోడని అంటిపెట్టుకునేది. స్కాట్లండ్ కోటల్లోలా ఒంటరిగా ఆకాశానికి లేచిన గోపురం గీసి బురుజు అని రాస్తే తప్పు.

గరివిడి సభ్యుడు: శాసనం ఇలా రాశాం: ‘శ్రీ విజయనామ సంవత్సర మాఘ శుద్ధ పంచమి, కొంఁగపాటి వారి కోఁట’. కింద వ్యాఖ్య: 1730 ఫిబ్రవరి.

నరసన్నపేట మాస్టారు: అరసున్నలు తీసేయండి. కోటకి లేదు, కొంగకి నిండుసున్నే. పాతదనం కోసం చల్లే మసాలా కాదది.

విజయ కూడా కాదు. విజయనగరం కోటకి విజయనామ సంవత్సరంలో, విజయదశమినాడు శంకుస్థాపన చేశారంటారు, అది 1713. లెక్క తేలికే: 60 ఏళ్లకొకసారి అదే పేరు వస్తుంది. 1713కి 300 కలిపితే 2013, అదీ విజయే. మీ 1730కి 240 కలపండి, 1970. అంటే సాధారణ నామ సంవత్సరం. శాలివాహన శకం కోసం 1730లోంచి 78 తీసేస్తే 1652, రాతిమీద ౧౬౫౨. ఇక్కడే జారిపడేది మాఘం. సాధారణ ఉగాది 1730 వసంతంలో మొదలవుతుంది, దాని మాఘం 1731లో పడుతుంది. 1730 ఫిబ్రవరి అయితే ముందటి సంవత్సరం సౌమ్య, శకం 1651. రాతిమీద సాధారణ ఉంచి వ్యాఖ్యలో 1731 చేయండి, లేదా మాఘం బదులు వైశాఖం పెట్టి, వ్యాఖ్యలో ఫిబ్రవరి తీసేయండి.

గరివిడి సభ్యుడు: వైశాఖం చేశాం మాస్టారూ. ‘శాలివాహన శక ౧౬౫౨ సాధారణ వైశాఖ శుద్ధ పంచమి, కొంగపాటి వారి కోట’.

అక్షరాలు రాసే సభ్యుడు: రాయి మీద మూడు వరుసలు చేస్తాను. ‘శుద్ధ’ వత్తు కిందకి దిగుతుంది, ఆ వరుస అట్టడుగున పెట్టొద్దు, గుమ్మం పైచెక్కకి తగులుతుంది.